పోచింకీలో అందరూ మొనగాళ్లే

బీజీఎంఐ ఆడేవాళ్లకు ఈ పేరా అక్కర్లేదు, దాటేసి వెళ్లొచ్చు. ఆడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. వంద మంది ఒక విమానంలోంచి ఎరాంగెల్ అనే దీవి మీదకు పారాచూట్లతో దూకుతారు. దీవి ఎనిమిది కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. దిగేటప్పుడు చేతిలో ఏమీ ఉండదు. ఇళ్లలో పడున్న తుపాకులు, హెల్మెట్లు, మందులు ఏరుకోవాలి. దానికి లూట్ అని పేరు. చుట్టూ నీలి వలయం బిగుసుకుంటూ వస్తుంది, చిట్టచివరికి నిలిచిన జట్టుదే ఆట. పబ్జీ మొబైల్‌ను కేంద్రం 2020 సెప్టెంబరులో నిషేధించాక, కొరియా కంపెనీ క్రాఫ్టన్ 2021 జులైలో దాన్నే బీజీఎంఐ అనే పేరుతో మన దేశానికి తెచ్చింది. నెత్తురు రంగు ఆకుపచ్చ చేశారు, 'కిల్' అనే మాట తీసేసి 'ఫినిష్' అన్నారు. చావు మాత్రం చావే. అరగంట సాగాల్సిన ఆటలో రెండో నిమిషానికే చచ్చి లాబీలోకి వచ్చిపడే స్క్వాడ్‌లు ప్రతి మ్యాచ్‌లోనూ ఉంటాయి, అవన్నీ చేతకాని జట్లేమీ కావు. చేతనైనవాళ్లే అంత తొందరగా ఎందుకు పోతారన్నది ఇక్కడి ప్రశ్న. దాన్ని ఇద్దరి నోట పెట్టాను. ఒకరు స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పి రిటైరై, ఫోన్లో బ్లిట్జ్ చెస్ ఆడే మేనమామ. ఇంకొకడు ఇంజినీరింగ్ చదువుతూ కాలేజీ స్క్వాడ్‌కు ఐజీఎల్‌గా, అంటే ఎక్కడ దిగాలో ఎప్పుడు కదలాలో చెప్పేవాడిగా ఉన్న మేనల్లుడు. ఇద్దరూ నా ఊహే. ధీమాను వెనకేసుకొచ్చేది పెద్దాయన, తప్పుపట్టేది కుర్రాడు. తిరగేసి రాశానని అనుకోవద్దు. ఈ విషయంలో ఎక్కువ దెబ్బలు తిన్నది కుర్రాళ్లే.

మామయ్య: ఓవర్ కాన్ఫిడెన్స్ అన్న మాట వింటేనే నాకు చిరాకురా అల్లుడూ. గెలిస్తే గుండె ధైర్యం అంటారు, ఓడితే అదే పనిని ఓవర్ కాన్ఫిడెన్స్ అంటారు. ఆట అయిపోయాక అంటించే లేబులే తప్ప అందులో సరుకేముంది? ధైర్యే సాహసే లక్ష్మి అన్నవాళ్లు వెర్రివాళ్లు కారు. చెయ్యి వణికేవాడు గురి చూడలేడు. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977 నుంచీ చెప్పింది ఇదే: 'నావల్ల అవుతుంది' అనుకున్నవాడు ఎక్కువ కష్టపడతాడు, దెబ్బ తగిలినా త్వరగా వదిలిపెట్టడు. ఇక నీ ఆటంటావా, నలుగురేసి ఇరవై అయిదు జట్లు దిగుతాయి, గెలిచేది ఒక్కటే. ఎవరెంత బాగా ఆడినా అన్ని జట్లకూ కలిపి సగటు తీస్తే నూటికి నాలుగు గెలుపులే వస్తాయి. తొంభై ఆరు ఓటములు ఆట రూపంలోనే రాసిపెట్టి ఉన్నచోట, ప్రతి ఓటమికీ ఒక దుర్గుణాన్ని వెతికి తగిలించడమెందుకు?

అల్లుడు: ఓటమికి వెతకట్లేదు మావయ్యా, తొందర ఓటమికి వెతుకుతున్నాను. ఇరవై అయిదో నిమిషంలో పోతే అందులో వలయం ఎటు జరిగిందన్నది ఉంటుంది, ఎదుటి జట్టు పనితనం ఉంటుంది, అదృష్టం ఉంటుంది. రెండో నిమిషంలో పోవడం మాత్రం ఎక్కడ దూకాలో తేల్చుకున్న క్షణంలోనే సగం ఖాయమైపోతుంది. ఎరాంగెల్ మధ్యలో పోచింకీ అని ఒక ఊరుంది. ఇళ్లు ఒత్తుగా ఉంటాయి, లూట్ బాగుంటుంది. విమానం దాని మీదుగా వెళ్తే అయిదారు స్క్వాడ్‌లు అక్కడే వాలతాయి. ఆరు అనుకోండి, ఇరవై నాలుగు మంది. పోరు తెగేదాకా సాగితే ఆ ఊళ్లోంచి నడిచి బయటికొచ్చేది ఒక్క జట్టే, అదీ నలుగురూ మిగిలి ఉంటే గొప్ప. మిగతా ఇరవై మందికి లాబీ రాసిపెట్టి ఉంది. ఇందులో ఎవర్నీ ఎవరూ తొయ్యలేదు, అందరూ ఇష్టపడే దూకారు. ప్రతి స్క్వాడ్‌లోనూ ఒకడు 'మనం క్లియర్ చేసేస్తాం రా' అనే ఉంటాడు. మీ సగటు దీవి మొత్తానికి లెక్క. పోచింకీలో దిగినవాళ్లు దీవిలో సగటు ఆటగాళ్లు కారు, తాము సగటు కంటే ఎక్కువని నమ్మిన వాళ్లు. క్లాసులో ఫస్టు వస్తాననుకునే వాళ్లందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి పరీక్ష పెట్టినట్టన్నమాట. ఆ గదిలోకి వెళ్లేవాడు మాత్రం తన పోటీ క్లాసు మొత్తంతో అనుకుంటూ వెళ్తాడు.

ఇది నేను కల్పించింది కాదు. కొలిన్ కామరర్, డాన్ లొవాలో అని ఇద్దరు 1999లో ఒక ప్రయోగం చేశారు. ఒక ఉత్తుత్తి వ్యాపారంలోకి దిగాలో వద్దో తేల్చుకోమని మనుషుల్ని అడిగారు. దిగినవాళ్లు ఎక్కువైతే లాభం తక్కువ. కొన్నిసార్లు ఎవరి ర్యాంకు ఎంతో చీటీ తీసినట్టు తేల్చారు, కొన్నిసార్లు ప్రశ్నలకిచ్చిన జవాబుల్ని బట్టి. తెలివితేటల్ని బట్టి ర్యాంకు అనేసరికి ఎక్కువమంది దిగారు. ఇందులో ఫలానా ప్రతిభకు విలువుందని ముందే చెప్పి, ఇష్టమైనవాళ్లనే రమ్మన్నప్పుడు ఇంకా ఎక్కువమంది దిగి లాభాన్ని ఇంకా పాడుచేశారు. తమతోపాటు వచ్చినవాళ్లు కూడా తమలాగే తమని నమ్ముకుని వచ్చారన్న సంగతి వాళ్ల లెక్కలోకి రాలేదు. పోచింకీ కథ అంతా అందులోనే ఉంది. అక్కడ దూకేవాడి పొరపాటు తన గురించి కాదు మావయ్యా, పక్క పారాచూట్ల గురించి.

మామయ్య: బాగుంది. కానీ నీ వాదనకు అసలు పునాది ఉందా అని చూడాలి. ఓవర్ కాన్ఫిడెన్స్ అనగానే అందరూ డన్నింగ్, క్రూగర్ పేర్లు జపిస్తారు. కోర్నెల్ యూనివర్సిటీ వాళ్లు, అదీ 1999లోనే. అందరికంటే అడుగున ఉన్న పావుమంది నిజానికి నూరుమందిలో పన్నెండో మెట్టు దగ్గరుంటే, తాము అరవై రెండో మెట్టు మీదున్నామని చెప్పుకున్నారట. నిజమే, కానీ ఆ బొమ్మలో సగం గణిత భ్రమ. అడుగున ఉన్నవాడు తన స్థానాన్ని పొరపాటుగా చెబితే పైకే చెప్పాలి, కిందికి చోటెక్కడుంది? ఎడ్వర్డ్ నుఫర్ బృందం 2016లో మనుషుల ఊసు లేకుండా కంప్యూటర్ పుట్టించిన అంకెలతో గీసి చూపించింది, ఇంచుమించు అదే వంకర గీత వచ్చింది. ఇంకొకటి చెప్తా. మీవాళ్లు అంటుంటారే, వరసగా అయిదు గెలిచాడు, తలకెక్కింది, ఆరోది ఓడాడు అని. బొమ్మా బొరుసా వంద సార్లు ఎగరేస్తే, ఎక్కడో ఒకచోట వరసగా అయిదు బొమ్మలు పడే అవకాశం నూటికి ఎనభై. ఆరోసారి బొరుసు పడితే నాణేనికి తలకెక్కిందంటావా? గెలుపుల వరస తర్వాత ఓటమి రావడం సగటు తన ఇంటికి తాను తిరిగిరావడం. దానికి మనం నీతికథ అల్లుతున్నాం.

అల్లుడు: ఆ రెండూ ఒప్పుకుంటాను. వరస తెగడం తలకెక్కడానికి సాక్ష్యం కాదు. అందుకే నేను ఓడాడా లేదా అని చూడకుండా ఎన్నో నిమిషంలో ఓడాడని చూడమంటున్నాను. నాణెం ఎక్కడ పడాలో నాణెం ఎంచుకోదు. గెలుపుల తర్వాత శివారు ఊరు వదిలేసి పోచింకీ మీద గుర్తు పెట్టడం మనిషి ఎంపిక. ఇక డన్నింగ్, క్రూగర్లను పక్కన పెట్టండి. మీ చెస్ దగ్గరికే వద్దాం. అక్కడ ఎవడి సత్తా ఎంతో ఎలో రేటింగ్ అంకెల్లో చెప్పేస్తుంది, ప్రతి టోర్నమెంటుకూ సరిచేస్తుంది, ఊరందరికీ కనబడేలా పెడుతుంది. భ్రమకు చోటు లేని ఆట అది. డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షబ్రీ ఉన్న ఒక పరిశోధక బృందం 22 దేశాల్లో 3,388 మంది రేటింగ్ ఉన్న ఆటగాళ్లను 'నీ అసలు సత్తా ఎంత' అని అడిగింది. సగటున పంతొమ్మిదేళ్లకు దగ్గరగా టోర్నమెంట్లు ఆడినవాళ్లు. సగటున ఒక్కొక్కరూ తమ రేటింగ్ కంటే 89 పాయింట్లు ఎక్కువ చెప్పుకున్నారు. ఏడాది గడిచాక చూస్తే, అలా ఎక్కువ చెప్పుకున్న వాళ్లలో ఆ మెట్టు నిజంగా అందుకున్నది నూటికి 11 మంది చిల్లర.

మామయ్య: మా రేటింగుల సంగతి నీకు తెలీదురా. నిజంగానే తక్కువ చూపిస్తాయి. నాదే తీసుకో...

అల్లుడు: వాళ్లూ అదే అన్నారు మావయ్యా.

మామయ్య: (నవ్వి) సరే, నన్ను వదిలెయ్. 89 పాయింట్లంటే ఎంత? ఎలో సూత్రం ప్రకారం పది ఆటల్లో ఆరింటికి కాస్త పైన నాకే అనుకోవడం. సరిసమానమైన వాడితో ఆడుతూ అలా అనుకోవడం కాస్త ఆశ, అంతే. ఆ ఆశ లేకపోతే శనాదివారాలు వదులుకుని టోర్నమెంట్లకు ఎవడెళ్తాడు?

అల్లుడు: ఎదురుగా కూర్చున్నవాడూ అదే ఆశతో వచ్చాడు కదా. ఒకే బల్ల దగ్గర ఇద్దరూ పదింట్లో ఆరు తమవే అనుకుంటున్నారు, మొత్తం పన్నెండు అయింది. ఉన్నది పదే. ఆ పైన రెండు ఎక్కడివి? గోదావరి జిల్లాల్లో సంక్రాంతి బరిలో రెండు పుంజుల యజమానులూ తమ పుంజే కొడుతుందని సమానంగా డబ్బు కాస్తారు చూడండి, అలాంటిదే. ఆ పరిశోధనలో ఇంకో మాటుంది, నాకు అదే ముఖ్యం. తక్కువ రేటింగ్ వాళ్లే ఎక్కువ ఉబ్బించి చెప్పుకున్నారు. శిఖరాన ఉన్నవాళ్ల అంచనా ఇంచుమించు సరిపోయింది. ధీమా మనిషిని పైకి తీసుకెళ్తుందన్న మీ మాట నిజమైతే, పైకెళ్లినవాళ్ల దగ్గరే అది పొంగి పొర్లుతుండాలి.

మామయ్య: వేగం సంగతి మరిచిపోతున్నావు. మూడు నిమిషాల బ్లిట్జ్‌లో ఆలోచించి ఆడతానంటే గడియారమే చంపేస్తుంది. నమ్మి వెయ్యాల్సిందే. ఆన్‌లైన్ చెస్‌లో ప్రీమూవ్ అని ఒకటి పెట్టిందే అందుకు. ఎదుటివాడు ఇంకా ఆడకముందే మన ఎత్తు ముందే వేసిపెట్టొచ్చు. లిచెస్‌లో దానికి క్షణం కూడా ఖర్చవదు, చెస్ డాట్ కామ్‌లో సెకనులో పదో వంతు పోతుంది. మీ ఆటలోనూ అంతేగా? తలుపు తోసుకుని దూకేవాడిదే పైచెయ్యి, మెట్ల కింద ఆలోచిస్తూ నిలబడ్డవాడి నెత్తిన గ్రెనేడ్ పడుతుంది.

అల్లుడు: ప్రీమూవ్ మీరే తెచ్చారు కాబట్టి దాన్నే దగ్గర్నుంచి చూద్దాం. మీరు గుర్రంతో వాడి గుర్రాన్ని తీశారు. వాడు తిరిగి తీస్తాడు, తియ్యక ఏం చేస్తాడు అనుకుని, మీ మంత్రిని ముందే ప్రీమూవ్ పెట్టేశారు. నూటికి తొంభై సార్లు వాడు తీస్తాడు, మీకు రెండు సెకన్లు మిగులుతాయి. మీ అలవాటు కనిపెట్టినవాడు ఒకసారి తియ్యడు. బంటును ఒక గడి జరుపుతాడు, అంతే. మీ మంత్రి తనంతట తాను వెళ్లి ఆ బంటు నోట్లో కూర్చుంటుంది. చెయ్యి వెనక్కి తీసుకునే వీల్లేదు, మీరు ఆడింది ఒక సెకను కిందట. ఇక్కడ మిమ్మల్ని ముంచింది వేగం కాదు. రాజుకు ఒకే దారి మిగిలినప్పుడు ప్రీమూవ్ పెడితే అది లెక్క, దానికి ఎవరూ తప్పు పట్టరు. ఇక్కడ మాత్రం వాడి ఎత్తు కూడా మీరే ఆడేశారు. ఓవర్ కాన్ఫిడెన్స్ అంటే నన్ను నేను పెద్దగా అనుకోవడమని అందరూ అంటారు. నాకు కనిపించేది వేరు, ఎదుటివాడు కూడా ఆడుతున్నాడని మరిచిపోవడం.

మా ఆటలో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మనవాడు దూరం నుంచి ఒకణ్ణి నాలుగు బుల్లెట్లు కొడతాడు. వెంటనే మైకులో అరుస్తాడు: 'వాడు వన్ షాట్ రా, పుష్ పుష్!' ఒక్క తూటాకు పోతాడని అర్థం. ఆ మాట అన్న క్షణంలో అక్షరాలా నిజం. కానీ వాడు గోడ చాటుకెళ్లి ఫస్ట్ ఎయిడ్ కిట్ కట్టుకుంటే ఆరు సెకన్లలో ప్రాణం డెబ్బై అయిదుకొస్తుంది. పడిపోయినవాణ్ణి తోటివాడు లేపడానికి పది సెకన్లు. మీ ఇంటి నుంచి వాడి ఇంటికి పరిగెత్తడానికి పట్టేది ఎనిమిది సెకన్లు అనుకోండి. బయల్దేరినప్పుడు వన్ షాట్‌గా ఉన్నవాడు, మీరు తలుపు తీసేసరికి దాదాపు నిండు మనిషి, పైగా అడుగుల చప్పుడు విని తుపాకీ తలుపుకేసి పెట్టుకుని ఉన్నాడు. మైదానం మధ్యలో ఉన్నది మీరు, చాటున ఉన్నది వాడు. ఎదురిల్లు రెండు సెకన్ల దూరంలో ఉంటే పరిగెత్తడమే సరైన పని, నేనూ పొమ్మనే చెప్తాను. తప్పు రష్‌లో లేదు, ఎనిమిది సెకన్ల కిందటి వార్తను ఇప్పటి వార్త అనుకోవడంలో ఉంది. అంతసేపూ వాడు నొప్పితో మూలుగుతూ మన కోసం ఎదురుచూస్తుంటాడా?

మామయ్య: ఉత్తర కుమారుడి వారసులన్నమాట మీవాళ్లు.

అల్లుడు: ఆయన నయం మావయ్యా. అంతఃపురంలో ఎన్ని ప్రగల్భాలు పలికినా, కౌరవ సేన కళ్లబడగానే రథం దిగి వెనక్కి పరిగెత్తాడు. కళ్లతో చూశాడు, లెక్క మార్చుకున్నాడు. మా రష్ వీరులు సేనను చూడరు కూడా.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పుకోవాలి. కుర్రాడి వాదన సరైనదే గానీ, తప్పంతా ఆటగాడి మీదే వేస్తున్నాడు. ఎదుటివాణ్ణి మరిచిపోవడం మనిషికి ఊరికే రాదు, ఆటే నేర్పుతుంది. కింది ర్యాంకుల్లో ఈ ఆట మనుషుల మధ్య బాట్లను, అంటే కంప్యూటరే ఆడించే బొమ్మలను కలుపుతుంది. చూస్తే ఆటగాళ్లలాగే ఉంటాయి, పేర్లు కూడా ఉంటాయి. అవి ఆరుబయట ఆగి ఆగి నడుస్తాయి, తూటా తగిలాక తీరిగ్గా తిరుగుతాయి, కాల్చినా ఎక్కువగా గోడకు తగులుతుంది. వాటిని పది ఫినిష్ చేసినా తెర మీద పది అనే పడుతుంది. కొత్తవాడికి మొదటివారం నిండా గెలుపులే. వాపును చూసి బలుపనుకోవడమంటే ఇదే, కాకపోతే ఇక్కడ వాపు వచ్చేలా ఆటే ఏర్పాటు చేసింది. తర్వాత ర్యాంకు పెరిగేకొద్దీ బాట్లు పలచబడి మనుషులు చిక్కబడతారు, ఆ మార్పు మాత్రం తెర మీద ఎక్కడా రాయరు. మొన్న పనిచేసిన రష్ ఇవాళ పనిచెయ్యదు, ఎందుకో వాడికి తెలీదు. పైగా నలుగురి ఆట కావడంతో ఓటమిని పంచెయ్యడం సులువు: కవర్ ఇవ్వలేదు, రివైవ్ చెయ్యలేదు, పింగ్ ఎక్కువుంది. గెలుపుకు ఒక యజమాని, ఓటమికి నలుగురు. ఓడగానే కనబడేది మళ్లీ 'స్టార్ట్' బొత్తామే. చెస్ పోటీల్లో ఓడినవాడు ఎదుటివాడితో కూర్చుని ఎక్కడ పోయిందో వెనక్కి ఆడి చూసుకునే ఆచారం ఉంది. ఇక్కడ కాసేపటికే వాడు మళ్లీ విమానంలో ఉంటాడు.

మామయ్య: నువ్వు చెప్పేదంతా విన్నాక కూడా నాకో అనుమానం. నమ్మకం మనిషిని బద్ధకస్థుణ్ణి చేస్తుందంటే బండూరా ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను. నమ్మకం ఉన్నవాళ్లు లేనివాళ్ల కంటే బాగా చేస్తారని ఎన్ని అధ్యయనాలు లేవు?

అల్లుడు: అవి ఒక మనిషిని ఇంకో మనిషితో పోలుస్తాయి. బాగా ఆడేవాడికి నమ్మకం ఎక్కువుంటుంది, ఎందుకుండదు? ప్రశ్న అది కాదు. ఒకే మనిషిని తీసుకోండి, నిన్నటికంటే ఇవాళ నమ్మకం పెరిగితే ఇవాళ ఎలా ఆడతాడు? జెఫ్రీ వాంకూవర్ బృందం 2002లో మాస్టర్‌మైండ్ అనే ఆటతో ఇది చూసింది. దాచిన రంగుల వరసను ఊహిస్తూ, ఒక్కో ఊహకూ వచ్చే జవాబును బట్టి తప్పులు తీసేసుకుంటూ పోవాలి. ఒకే మనిషికి నమ్మకం పెరిగినప్పుడు తర్వాతి ఆటలో తర్కం తప్పే ఊహలు ఎక్కువయ్యాయి. వచ్చిన జవాబును పూర్తిగా వాడుకోకుండా తోచింది చెప్పేస్తారన్నమాట. బండూరా దీన్ని ఒప్పుకోలేదు, వాళ్ల మధ్య పెద్ద వాదమే నడిచింది. నాకు మాత్రం ఆ ఊహలకూ మా 'వన్ షాట్' అరుపులకూ చుట్టరికం కనబడుతుంది. నమ్మకం చేతిని చెడగొట్టదు, చెవిని మూస్తుంది.

మామయ్య: అయితే నా ఆఖరి అస్త్రం విను. నీ పోచింకీలో చావడం దండగ కాదు, చౌక. జాగ్రత్తగా శివారులో దిగి ఇరవై నిమిషాలు లూట్ ఏరుకుంటే ఒక్క పోరాటమూ దొరకదు, దొరికిన మొదటి పోరాటంలోనే పోతావు. అదే ఇరవై నిమిషాల్లో పోచింకీలో ఆరుసార్లు చచ్చి ఆరు పోరాటాలు నేర్చుకోవచ్చు. ఈత గట్టు మీద నేర్చుకోవడం కుదరదు కదా. తొందర ఓటమి ఫీజు లాంటిది, కట్టెయ్యాలి.

అల్లుడు: కాదనను. చేతివాటం కోసం పోచింకీలో దిగితే అది ప్రాక్టీసు. అలా దిగినవాడు చస్తాననే తెలిసి దిగాడు, వాడిది ఓవర్ కాన్ఫిడెన్సే కాదు, వాడు నా వాదనలోకి రాడు. నేననేది గెలవడానికి అక్కడ దిగినవాడి గురించి. వాణ్ణి వాడికంటే గొప్పవాళ్ల పక్కన పెట్టి చూద్దాం. అధికారిక పోటీల్లో పదహారు జట్లు, అరవై నాలుగు మంది. మొదటి స్థానానికి పది పాయింట్లు, ఒక్కో ఫినిష్‌కు ఒక పాయింటు. దేశంలో తమకంటే మొనగాళ్లు లేరని చెప్పుకునే హక్కు ఎవరికైనా ఉందంటే వీళ్లకుంది. వీళ్లు ఎక్కడ దిగుతారో చూశారా? ఒక్కో జట్టుకూ తనదంటూ ఒక చోటు ఉంటుంది. ఒకరి చోట ఒకరు దిగడం అరుదు, దిగితే కామెంటేటర్లు గొంతు పెంచి మరీ చెప్తారు. సమానమైన రెండు జట్లు ఖాళీ చేతులతో ఒకే ఊళ్లో దిగితే ఒకటి పోతుంది, మిగిలింది కుంటుతుంది, లాభం మూడో జట్టుకు. ఆ సంగతి రెండింటికీ తెలుసు, ఎదుటిదానికి తెలుసని కూడా తెలుసు. పోచింకీ ఖాళీగా ఉండదు, అక్కడా ఒక జట్టు దిగుతుంది. ఒక్కటే దిగుతుంది.

మామయ్య: దాన్ని భయం అనొచ్చుగా?

అల్లుడు: భయపడేవాళ్లయితే ఆఖరి వలయంలో ఆరుబయట పొగబాంబుల మధ్య లేచి నలుగురి మీదికి నలుగురు పరిగెత్తరు. అప్పుడు వాళ్లని చూస్తే మీ ధైర్యే సాహసే అంతా కనబడుతుంది. అప్పటికి ఎన్ని జట్లు మిగిలాయో, ఎవరు ఏ చాటున ఉన్నారో, ఎవరి చేతిలో గ్రెనేడ్లు అయిపోయాయో ఇరవై నిమిషాలుగా ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉన్నారు. వాళ్లు దూకడం మానలేదు, వివరాలు తెలిసేదాకా ఆగారు.

మామయ్య: సరే, నీ మాటే నిజమనుకుందాం. అందరూ నీ వాదన విని బుద్ధిమంతులైపోయారు. పోచింకీలో ఎవరూ దిగలేదు. అప్పుడు అక్కడి తుపాకులూ హెల్మెట్లూ ఎవరివిరా? ఆ రోజు 'మనం క్లియర్ చేసేస్తాం' అని గుడ్డిగా దూకిన వెర్రివాడికి ఊరంతా ఉచితం. నీ జాగ్రత్త అందరికీ అంటితే దూకుడే తెలివవుతుంది. నీ సిద్ధాంతం తనను తానే మింగేస్తుంది.

అల్లుడు: మింగదు మావయ్యా, అక్కడే మొదలవుతుంది. పోచింకీ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఇంట్లో కూర్చుని జవాబు చెప్పలేం, ఆ రోజు ఎంతమంది దిగుతున్నారన్నదే జవాబు. అది తెలియడానికి దారి కూడా ఉంది. పారాచూట్ వేసుకున్నాక తెర మీద కంటి గుర్తు ఒకటుంటుంది. దాని మీద వేలు పెట్టి జరిపితే, పడుతున్న దారి మారకుండానే చుట్టూ చూడొచ్చు. మిగతా పారాచూట్లు కనబడతాయి. మన పక్కన ఎన్ని, వెనక ఎన్ని, ఎవరు మనకంటే కిందున్నారు, ఎవరు ముందు నేల తాకుతారు. అప్పటికీ పక్క పొలాల్లోని రెండిళ్ల వైపు మళ్లే ఎత్తు మనకింకా ఉంటుంది. చాలామంది ఆ కన్ను తాకరు. నేల మీద కనబడే ఇంటి కప్పునే చూస్తుంటారు.

మామయ్య: ఎన్ని పారాచూట్లుంటే మళ్లాలంటావ్?

అల్లుడు: మీరు స్టాటిస్టిక్స్ చెప్పినవారు, మీరే చెప్పండి.

మామయ్య: మన నాలుగు కాక ఇంకో నాలుగుంటే... ఆగు. ఆ నాలుగూ ఒకే జట్టా, రెండేసి చొప్పున రెండు జట్లా?

అల్లుడు: చూశారా, ఇప్పుడు అడిగారు.